తెలిసీ తెలియక చేసినవి

తెలుగు క్రైస్తవ సంఘాల్లో ప్రార్థన ఎవరు చేసినా నడుమ ఒక మాట వచ్చి తీరుతుంది: “తలంపుల ద్వారా, మాటల ద్వారా, క్రియల ద్వారా తెలిసీ తెలియక చేసిన ప్రతి పాపాన్నీ క్షమించు ప్రభువా.” పాస్టరుగారి నోటా అదే, సండేస్కూలు పిల్లల నోటా అదే. ఆ మాటలో తప్పు లేదు. 19వ కీర్తనలో “తన పొరపాటులు కనుగొనగలవాడెవడు?” అని అడిగిన దావీదు తన కంటికి కనబడని తప్పులకు కూడా క్షమాపణ వేడుకున్నాడు. నా అభ్యంతరం ఆ మాట మీద కాదు, మన ఒప్పుకోలు ఆ మాట దగ్గరే ఆగిపోవడం మీద. తెలిసినవాటిని తెలియనివాటితో కలిపి మూటగడితే, తెలిసినవి కూడా తెలియనివైపోతాయి. పది సెకన్లలో ఆ మూట దేవుడి ముందు పెట్టేసి, లోపల ఏముందో విప్పి చూడకుండానే లేచి వచ్చేస్తాం.

ధర్మశాస్త్రం అలా వదల్లేదు. లేవీయకాండము 4, 5 అధ్యాయాలు చదివితే, పొరబాటున చేసినదైనా సరే, తెలిసిన రోజున దానికి బలి తేవాలి. ఏ విషయంలో తప్పాడో ఆ విషయంలోనే ఒప్పుకోవాలి. సంఖ్యాకాండము 5:7 ఇంకో అడుగు వేసి, ఎవరికి నష్టం చేశాడో వారికి అసలుతో పాటు అయిదో వంతు కలిపి ఇమ్మంటుంది. 10,000 రూపాయలు ఎగ్గొట్టినవాడు 12,000 పట్టుకెళ్లాలన్నమాట. పద్దు పద్దుగా ఒప్పుకోవడం అంటే అది.

మరి మనం పద్దు దాకా ఎందుకు వెళ్లం? భయం ఒక కారణం, సిగ్గు ఒక కారణం. వీటికి తోడు మన భాష మనకు దాక్కోవడానికి మంచి చోట్లు ఇచ్చింది. “కోపం వచ్చింది.” “నోరు జారింది.” “పొరపాటు జరిగిపోయింది.” “వీలు పడలేదు.” ఈ వాక్యాల్లో చేసినవాడు లేడు. కోపం దానంతట అది వచ్చింది, నోరు దానంతట అది జారింది. నిర్గమకాండము 32లో అహరోను చెప్పిన సంజాయిషీ చూడండి. 4వ వచనంలో అతడే పోగరతో, అంటే చెక్కే పనిముట్టుతో, రూపం దిద్ది దూడను చేశాడు. 24వ వచనానికి వచ్చేసరికి మోషేతో ఏమన్నాడు? బంగారం తెచ్చి ఇచ్చారు, అగ్నిలో వేశాను, “ఈ దూడ యాయెను”. చేశాను అనడానికి బదులు అయింది అన్నాడు. ఆదికాండము 3:12లో ఆదాము మాట కూడా అలాంటిదే. “నీవు నాకిచ్చిన ఈ స్త్రీయే” అంటూ మొదలుపెట్టి, దేవుడి మీద కొంత, హవ్వ మీద కొంత వేసి, అందరి వంతూ అయ్యాక చిట్టచివర “తింటిని” అన్నాడు.

అందుకని ఆత్మపరిశీలనకు కూర్చున్నవారు మొట్టమొదట చేయదగిన పని వాక్యం సరిచేసుకోవడం. వాక్యం “నేను”తో మొదలవ్వాలి, “చేశాను, అన్నాను, దాచాను, ఇవ్వలేదు” అన్న క్రియతో ముగియాలి, నడుమ ఎవరిని, ఎప్పుడు, ఎంత అన్నది ఉండాలి. “నోరు జారింది” తీసేసి, “నేను ఆదివారం భోజనాల దగ్గర నలుగురి ముందూ మా తోడికోడలిని చులకన చేసి మాట్లాడాను” అని రాయండి. “డబ్బు సర్దుబాటు కాలేదు” తీసేసి, “నేను చేతిలో డబ్బు ఉండి కూడా చీటీ వాయిదా 5,000 కట్టకుండా రెండు నెలలు తిప్పాను” అని రాయండి. అలా రాయబోయినప్పుడు ఒక్కోసారి తెలుస్తుంది, నిజంగానే వీలు పడలేదని, అందులో మన తప్పు లేదని. అప్పుడు దాన్ని వదిలేయాలి. లేని పాపాన్ని ఒప్పుకోవడం వినయం అనిపించుకోదు. అదీ అబద్ధమే. కొత్త నిబంధనలో “ఒప్పుకొనుట” అని మనం చదివే గ్రీకు మాటకు మూలార్థం “అదే మాట అనడం”. దేవుడు ఆ పనిని ఏ పేరుతో పిలుస్తాడో మనమూ ఆ పేరుతోనే పిలవాలి. పేరు తగ్గించకూడదు, పెంచకూడదు.

సౌలు, దావీదు ఇద్దరూ “పాపము చేసితిని” అన్నవారే. 1 సమూయేలు 15లో దేవుడి ఆజ్ఞ మీరిన సౌలు ఆ మాట అంటూనే జనులకు జడిసి చేశానన్నాడు. మళ్లీ అంటూనే, పెద్దల ఎదుట నన్ను ఘనపరచు అని సమూయేలును బతిమాలుకున్నాడు. 2 సమూయేలు 12లో నాతాను ప్రవక్త “ఆ మనుష్యుడవు నీవే” అన్నాక దావీదు మాట ఒక్క వాక్యంలో ముగిసింది. కారణం చెప్పలేదు, పరువు అడగలేదు. దావీదు పాపం సౌలు పాపం కంటే చిన్నదేమీ కాదు, వ్యభిచారమూ హత్యానూ. తేడా అంతా ఒప్పుకున్న తీరులో ఉంది.

ఇక ప్రభువు బల్ల సంగతి, అంటే యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆచారం సంగతి. 1 కొరింథీయులకు 11:28 చదవని సంఘం ఉండదు: “కాబట్టి ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను.” మన దగ్గర చాలా సంఘాల్లో బల్ల నెలకోసారి, మొదటి ఆదివారం. బ్రదరన్ సహవాసాల్లో ప్రతి ఆదివారమూ రొట్టె విరుస్తారు. ఎక్కడైనా ఒకటే దృశ్యం: బల్ల దగ్గరికొచ్చేసరికి కొందరు తలదించుకుని కూర్చుండిపోతారు, లేదా ఆ వారం గుడికే రారు. అడిగితే “నాకు యోగ్యత లేదండీ” అంటారు. ఇంట్లో తగాదా ఉందనో, పాత అలవాటు మళ్లీ పట్టిందనో నెలలు, ఏళ్లు బల్లకు దూరంగా ఉండిపోయేవారున్నారు. వినడానికి భక్తిగానే ఉంటుంది. కానీ వాక్యం చెప్పింది వేరు. పరీక్షించుకుని మానుకొమ్మనలేదు. పరీక్షించుకుని, “ఆలాగుచేసి” తినమంది. 27వ వచనంలోని “అయోగ్యముగా” అన్నది తినే తీరు గురించి చెప్పిన మాట, తినేవాడి అర్హత గురించి కాదు. యోగ్యులే తినాలంటే ఆ బల్ల ముందు ఎవరూ మిగలరు. పరీక్ష బల్లకు దారి. మనం దాన్ని బల్లకు అడ్డంగా పెట్టిన గేటు చేసుకున్నాం.

కొరింథులో ఆ “అయోగ్యత” ఏమిటో పౌలు దాచలేదు. 21, 22 వచనాల్లో ఉంది: ఉన్నవాళ్లు ముందే తినేసి మత్తెక్కి ఉన్నారు, లేనివాళ్లు ఆకలితో కూర్చున్నారు, పేదలను సిగ్గుపరచారు. ఒకే సంఘంలో పైవాళ్లు, కిందివాళ్లు. ఈ మాట తెలుగు క్రైస్తవులకు ఎంత దగ్గరిదో నేను విడమరచి చెప్పనక్కర్లేదు. అయినా చెబుతాను, ఎందుకంటే మన పాపాల జాబితాలో ఇది ఉండదు. మన జాబితాలో మందు ఉంటుంది, సిగరెట్టు ఉంటుంది, సినిమా ఉంటుంది, పేకాట ఉంటుంది. సంబంధం చూసేటప్పుడు “విశ్వాసులే, కానీ మనవాళ్లేనా?” అని అడిగిన ప్రశ్న ఉండదు. 1961 నుంచి చట్టం నిషేధించిన కట్నాన్ని “మేం అడగలేదు, వాళ్లే పెట్టారు” అంటూ పుచ్చుకున్న సంగతి ఉండదు. యాకోబు 5:4 బిగపట్టిన కూలి గురించి మాట్లాడుతుంది, దాని మొఱ్ఱ దేవుడి చెవిన పడిందంటుంది. పనిమనిషి జీతంలో రెండు రోజుల నాగాకు కోత వేసి సాయంత్రం ఉపవాస ప్రార్థనకు వెళ్లే ఇళ్లలో ఆ వచనం వినబడాలి. అందరూ చేసేది, తాతల నాటి నుంచి ఉన్నది మన కంటికి పాపంలా కనబడదు. కనబడాలంటే మనకు అలవాటైన జాబితా పక్కనబెట్టి, వాక్యంలో ఉన్న జాబితా చేతికి తీసుకోవాలి. పది ఆజ్ఞలు (నిర్గమ 20), కొండమీది ప్రసంగం (మత్తయి 5–7), గలతీయులకు 5:19–23 చాలు. వారానికొకటి మార్చుకుంటూ చదువుకోవచ్చు.

మన సాక్ష్యాల్లోనూ ఇదే లోటు. “నేను రక్షణ పొందకముందు” అని మొదలయ్యే సాక్ష్యంలో పాపాలు ధారాళంగా చెబుతాం. రక్షణ పొందిన తరువాతి పాపాలకు మాత్రం సంఘంలో నోరు లేదు. కానీ 1 యోహాను 1:9లోని “మన పాపములను మనము ఒప్పుకొనిన యెడల” అన్న మాట యోహాను విశ్వాసులకే రాశాడు, తనను కూడా అందులో కలుపుకుని రాశాడు.

చేసే పద్ధతి చెబుతాను. పదహారో శతాబ్దంలో జెస్యూట్ సభ స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన అయిదు మెట్లు నేటికీ పనికొస్తాయి. ఆయన కతోలికుడు కదా అని ప్రొటెస్టెంటు పాఠకులు వెనకాడనక్కర్లేదు, ప్రతి మెట్టుకూ లేఖనం ఉంది. మొదట కృతజ్ఞత, తరువాత వెలుగు కోసం ప్రార్థన, ఆపైన రోజును గంట గంటా తిరగేసి చూడటం, క్షమాపణ అడగటం, రేపటికి దిద్దుబాటు. రాత్రి పడుకోబోయే ముందు కాకుండా, భోజనం కాకముందే కూర్చుంటే నయం. కడుపు నిండాక, కళ్లు మూతలు పడుతుంటే పరిశీలన జోగుతుంది. పదిహేను నిమిషాలు పెట్టుకోండి. అందులో మూడు కృతజ్ఞతకు, రెండు ప్రార్థనకు, ఆరు రోజును చూసుకోవడానికి, మిగిలిన నాలుగూ ఒప్పుకోవడానికి, రేపటి సంగతికి. ఫోను వేరే గదిలో ఉండాలి. టైము కోసమని పక్కన పెట్టుకున్నా సరే, రోజు గుర్తుచేసుకునే ఆరు నిమిషాల్లోనే అది చేతిలోకి వచ్చేస్తుంది, ఎందుకంటే బరువైన చోట అదే.

కృతజ్ఞత మొదట ఎందుకో తెలుసుకోవాలి, ఎందుకంటే చాలామంది దాటేసేది ఆ మెట్టునే. నేరుగా తప్పుల్లోకి దిగితే మనకు ఎదురుగా న్యాయాధిపతి ఒక్కడే కనిపిస్తాడు. అప్పుడు మనసు లాయరుగా మారుతుంది, సాకులు వెతుకుతుంది. ఈ రోజు ఆయన చేసిన మూడు మేళ్లు పేరుపేరునా చెప్పుకున్నాక కూర్చున్నది తండ్రి ముందు అని తెలుస్తుంది. వెలుగు కోసం ప్రార్థనకు 139వ కీర్తన చివరి రెండు వచనాలు చాలు: “దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము.” ఈ కీర్తనను మొదటి నుంచి చదివితే ఒక సంగతి తడుతుంది. మొదటి వచనంలోనే దేవుడు అతణ్ణి పరిశోధించి తెలుసుకున్నాడు. 7వ వచనంలో ఆయన సన్నిధి నుంచి ఎక్కడికి పారిపోవాలి అన్న ఆలోచన ఉంది. 19 నుంచి 22 దాకా శత్రువుల మీద ద్వేషం పొంగింది. సరిగ్గా ఆ ద్వేషపు మాటల వెంటనే, 23లో, నన్ను పరిశోధించు అన్నాడు. ఎలాగూ తెలిసినవాణ్ణి చూడమని పిలుస్తున్నాడు. పట్టుబడటానికీ తలుపు తీయడానికీ ఉన్న తేడా ఇదే. ఎదుటివాడి పాపం నాలుక మీద ఉండగానే తన సంగతి అడిగాడు చూశారా, అది నేర్చుకోవలసింది.

రోజును చూసుకునేటప్పుడు భావాలను తవ్వకండి, జరిగినవి చూడండి. ఉదయం లేచింది మొదలు ఎవరెవరిని కలిశాను, ఏమన్నాను, ఏది దాటవేశాను. “నాలో గర్వం ఉందా?” అని అడిగితే జవాబు రాదు, వచ్చినా అదీ గర్వంగానే వస్తుంది. “ఈ రోజు ఎవరి మాట మధ్యలో తుంచేశాను?” అని అడిగితే మనిషి ముఖం గుర్తొస్తుంది. రాత్రికి మూడు పద్దులకు మించి రాయొద్దు. పదిహేను రాస్తే ఒక్కటీ దిద్దుకోలేం. నోటుబుక్కులో ఇతరుల పేర్లకు పొడి అక్షరాలు వాడండి, నెలాఖరున ఆ పేజీలు చించేయండి. అది ఇంట్లో వేరేవాళ్ల చేతికి చిక్కితే ఒకరి ఒప్పుకోలు ఇంకొకరి చేతిలో ఆయుధమవుతుంది.

విడవని అలవాటు ఒకటి ఉంటే దానికి ఇగ్నేషియస్ వేరే ఉపాయం చెప్పాడు. ఒక్క తప్పునే ఎంచుకుని, రోజుకు రెండు గీతలు, మధ్యాహ్నం దాకా ఒకటి, రాత్రి దాకా ఒకటి. తప్పిన ప్రతిసారీ ఆ గీత మీద ఒక చుక్క. ఈ పూటను ఆ పూటతో, ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చి చూసుకోవాలి. చుక్కలు ఏ పూట ఎక్కువగా పడుతున్నాయో రెండు వారాల్లో తేలుతుంది. పిల్లలను కసరడం ఎప్పుడూ సాయంత్రం ఆరు, ఎనిమిది గంటల నడుమే అని తెలిస్తే, దిద్దుబాటు “ఇక కోప్పడను” అన్న ప్రతిజ్ఞగా ఉండదు. “ఇంటికి రాగానే పది నిమిషాలు ఎవరితో ఏమీ మాట్లాడకుండా కాళ్లు కడుక్కుని కూర్చుంటాను” అన్న పనిగా ఉంటుంది. డిసెంబరు 31 రాత్రి వాగ్దానపు కార్డులు తీసుకుని, తీర్మానాలు చేసుకుని, సంక్రాంతికే మరచిపోవడానికి కారణం మన భక్తి తక్కువ కావడం కాదు, తీర్మానానికి వేళ, చోటు లేకపోవడం.

ఇంత మంచి పనీ చెడిపోయే చోట్లున్నాయి. మార్టిన్ లూథర్ మఠంలో ఉన్నప్పుడు గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు, బయటికి రాగానే ఇంకోటి గుర్తొచ్చి వెనక్కి వెళ్లేవాడు. ఆయన పైఅధికారి స్టౌపిట్స్ అతణ్ణి తనను చూసుకోవడం మాని క్రీస్తు గాయాలను చూడమన్నాడు. గుంటూరు, రాజమండ్రి లూథరన్ సంఘాల వాళ్లకు ఈ కథ కొత్త కాదు. ఒకసారి ఒప్పుకుని, చేయవలసిన దిద్దుబాటు చేశాక ఆ పద్దు మీద గీత కొట్టేయండి. మళ్లీ గుర్తొస్తే మళ్లీ ఒప్పుకోవద్దు, క్షమించినందుకు స్తోత్రం చెప్పండి. 2 కొరింథీయులకు 7:10లో పౌలు రెండు దుఃఖాలను వేరుచేశాడు. దేవుడి చిత్తం చొప్పున కలిగే దుఃఖం మారుమనస్సుకు నడుపుతుంది, లోకసంబంధమైనది మరణానికి. గుర్తుపట్టడం తేలిక: మొదటిది ఫలానా పని చూపించి ఫలానా మనిషి దగ్గరికి పంపుతుంది. రెండోది ఏ పనీ చూపించకుండా “నువ్వు పనికిరావు” అని మాత్రం అంటుంది. నిద్ర, తిండి పోయి రెండు వారాలు దాటినా ఆ మాట ఆగకపోతే అది పరిశీలన కాదు, జబ్బు. మానసిక వైద్యుణ్ణి చూడటం అవిశ్వాసం కాదు.

దెబ్బలు తిన్న భార్య పాస్టరమ్మగారి దగ్గరికొస్తే “ముందు నిన్ను నువ్వు పరీక్షించుకో తల్లీ” అనడం నా దృష్టిలో పాపమే. ఆమె చేయని నేరానికి ఆమె చేత లెక్క రాయించడమే అది. ముందు ఆమెకు భద్రమైన చోటు చూడాలి. పరీక్ష కొట్టినవాడికి. అలాగే బల్లను అయోగ్యంగా పుచ్చుకున్నందుకే మీలో అనేకులు రోగులయ్యారన్న 1 కొరింథీయులకు 11:30 పట్టుకుని, రోగి మంచం పక్కన కూర్చుని “ఏ పాపం దాచావో చూసుకో” అనేవారు యోహాను 9:3 కూడా చదవాలి. “వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు” అన్నది యేసే. పరిశీలన ఎవరికి వారు చేసుకునేది. ఇతరుల మీద ప్రయోగించేది కాదు.

అయితే ఒక్కరమే చేసుకుంటే చాలా? చాలదు. “హృదయము అన్నిటికంటె మోసకరమైనది” అన్న యిర్మీయా 17:9 నిజమైతే, ఆ హృదయం రాసిన లెక్కను ఆ హృదయమే తనిఖీ చేస్తే ఏం లాభం? దావీదుకు కూడా నాతాను కావలసివచ్చాడు. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ 1738 డిసెంబరు 25న తన చిన్న గుంపులకు నియమాలు రాసి, వారం వారం కలిసినప్పుడల్లా అడగవలసిన ప్రశ్నలు పెట్టాడు. పోయినసారి కలిసిన తరువాత తెలిసి చేసిన పాపాలేమిటి, ఎదురైన శోధనలేమిటి, వాటి నుంచి ఎలా తప్పించుకున్నావు, పాపమో కాదో తేలక సందేహంగా ఉన్నదేమిటి. ఆ నాలుగో ప్రశ్న నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది, మనం ఎక్కువగా దాచేది ఆ సందేహంలోనే గనుక. మెదక్‌లో 1924లో ప్రతిష్ఠ జరిగిన మహాదేవాలయాన్ని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆ వెస్లీ సంప్రదాయం నుంచి వచ్చినవాడే. రాతిగుడి చూడటానికి ఎందరో వెళ్తారు. ఆ ప్రశ్నలు కూడా అంత పేరు తెచ్చుకుని ఉంటే బాగుండేది.

అలాంటి మనిషిని ఎంచుకోవడంలో జాగ్రత్త అవసరం. మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో. ఇద్దరు ముగ్గురు చాలు. మన మాట ప్రార్థన విన్నపమై వాట్సాప్ గ్రూపులోకో, ప్రసంగంలో ఉదాహరణగానో పోయేచోట నోరు విప్పకండి. ఆ మనిషి పరిచారకుడైనా సరే. ఇతరుల రహస్యం కలిసి ఉన్న పాపాన్ని సాక్ష్యాల వేళ మైకులో చెప్పడం ఒప్పుకోలు కాదు.

ఒప్పుకున్నాక మనిషి దగ్గరికి వెళ్లాలి. మత్తయి 5:23, 24లో యేసు అర్పణను బలిపీఠం ముందే వదిలిపెట్టి వెళ్లమన్నాడు, తెచ్చిన కానుక చేతిలో ఉండగానే. బల్ల ఆదివారమైతే శనివారం సాయంత్రం వెళ్లండి. మాట పొట్టిగా ఉండాలి: “ఫలానా రోజు మిమ్మల్ని ఫలానా మాట అన్నాను. అది తప్పు. నన్ను క్షమించండి.” “మీకు బాధ కలిగి ఉంటే” అనొద్దు, అది మళ్లీ అహరోను దూడే. “మీరు కూడా ఆ రోజు” అని మొదలుపెట్టొద్దు. డబ్బయితే డబ్బు పట్టుకునే వెళ్లండి. ఒక్కసారిగా ఇవ్వలేకపోతే నెలకు ఎంత, ఏ తేదీన అన్నది చెప్పి, మొదటి వాయిదా ఆ రోజే చేతిలో పెట్టండి. వాళ్లు క్షమించాలని పట్టుబట్టకండి. వాళ్లకు వారం పట్టవచ్చు, ఏడాది పట్టవచ్చు.

లూకా 19లో సుంకరి జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. సంఖ్యాకాండము అడిగింది అయిదో వంతే. నాలుగింతలన్నది నిర్గమ 22:1లో గొర్రె దొంగకు వేసిన జరిమానా. ఎవరూ వేయకుండానే ఆ శిక్ష తనకు తాను వేసుకున్నాడు. ఆ డబ్బు పుచ్చుకున్నవాళ్లు ఏమన్నారో లూకా రాయలేదు. ఒక్క నాణెం చేతులు మారకముందే, జక్కయ్య ఇంకా నిలబడి మాట్లాడుతుండగానే, యేసు “నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది” అన్నాడు.